ఉస్తాద్ లెక్కా, నా పేజీ లెక్కా

ఇంట్లోకి ఇంటర్నెట్ రావడమంటే ఇంట్లోంచి ఫోను పోవడమే అయిన కాలం అది. మోడెమ్ ముందు గుర్రుమనేది, తర్వాత కీచుమనేది, ఆ తర్వాత కాసేపు ఎవరినో బతిమాలుకుంటున్నట్టు మూలిగి చివరికెప్పటికో తగులుకునేది. ఈలోగా పక్కగదిలో ఎవరైనా రిసీవరెత్తి "హలో" అన్నారా, మళ్ళీ మొదటికే. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, అలాంటి కాలంలో, నేను వెబ్ డెవలపర్‌ని. (ఆ మాట అప్పట్లో ఎంత బరువుగా పలికేవాణ్ణో తలుచుకుంటే ఇప్పుడు నాకే సిగ్గేస్తుంది. మా నాన్న మాత్రం ఎవరైనా అడిగితే "కంప్యూటర్ దగ్గర కూర్చుంటాడండీ" అని ఊరుకునేవారు.) వయసు ఇరవై రెండు. బరువు యాభై ఒక్క కిలోలు, అదీ తడి బట్టలతో తూస్తే. అలాంటి నేను ఒక వారంపాటు నగరంలోని వెబ్ డెవలపర్లందరిలోకీ మహా బలశాలినని పేరు తెచ్చుకున్నాను. మీరు నమ్మరని తెలుసు. అప్పుడు కూడా ఎవరూ నమ్మకుండా ఉంటే బాగుండేది. కానీ నమ్మారు, అదే వచ్చిన చిక్కు.

మాది ఉద్యోగం మీద కోస్తా నుంచి వచ్చి పాతబస్తీలో ఉండిపోయిన కుటుంబం. నాన్న ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా, గౌలీపురాలో అద్దె ఇల్లు. నేను పనిచేసేది లాడ్ బజార్‌లో, ఒక గాజుల దుకాణం పై అంతస్తులో. మూడు కంప్యూటర్లు, ఒక పంకా, ఒక యజమాని. ఆయన్ని బజారంతా భాయ్ అనేది కనక నేనూ భాయ్ అనేవాణ్ణి. గాజులవాళ్ళకీ ముత్యాలవాళ్ళకీ అత్తరువాళ్ళకీ వెబ్‌సైట్లు చేసిపెట్టడం మా పని. కింద లక్క గాజుల కోసం వెలిగించే కుంపట్ల వేడి మా నేలలోంచి పైకొచ్చేది. చలికాలం హాయిగానే ఉండేది గాని, ఎండాకాలంలో మాకన్నా ముందు కంప్యూటర్లు సొమ్మసిల్లేవి. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి, కింద దుకాణానికీ పైన మాకూ కలిపి ఒకటే ఫోను లైను. మేం నెట్ పెట్టుకుంటే వాళ్ళకు ఫోను మూగబోతుంది, వాళ్ళు రిసీవరెత్తితే మా నెట్ తెగిపోతుంది. రోజుకు పదిసార్లు భాయ్ మెట్ల మీద నిలబడి "అరె చాచా, ఫోన్ రఖో, మా పేజీ పోతున్నది!" అని అరిచేవాడు. గాజుల చాచా కిందనుంచి "మా గిరాకీ పోతున్నది, దాని ఫికర్ ఎవరు చేస్తరు మియా?" అని అంతకన్నా గట్టిగా అరిచేవాడు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి చాయ్ తాగేవాళ్ళు.

మా ఇంటికి పాలు పోసేది ఉస్తాద్. ఆయనకు అసలు పేరొకటి రేషను కార్డు మీద ఉండే ఉంటుంది గాని, మా గల్లీలో చంటిపిల్లల దగ్గర్నుంచి ముసలివాళ్ళ దాకా అందరికీ ఉస్తాదే. తాతల కాలం నుంచీ బర్రెలతో బతుకుతున్న కుటుంబం. బర్రెల కొట్టం పక్కనే ఆయన నడిపే కసరత్తుల తాలీం ఉండేది. ఎర్రమట్టి గోదా, గోడకు ఆంజనేయస్వామి పటం, పొద్దున్నే ఒళ్ళు వంచడానికి వచ్చే పది పన్నెండు మంది. ఒకరోజు అమ్మ పాలు పోయించుకుంటూ నా గురించి మొర పెట్టుకుంది. "చూడవయ్యా ఉస్తాదూ, పొద్దస్తమానం ఆ పెట్టె ముందు కూర్చుని మావాడి వెన్ను ఎలా వంగిపోయిందో! నాలుగు రోజులు నీ దగ్గరికి పంపిస్తాను, నిటారుగా నిలబెట్టు, చాలు." ఉస్తాద్ నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. చూడటానికి ఎక్కువసేపు పట్టలేదు. "ముందుగాల ఇంకో అర్ధలీటరు పాలు ఎక్కువ పోయించుకో అమ్మా. గా తర్వాత పంపు" అన్నాడు.

మరునాటి నుంచి నాకు తాలీం తప్పలేదు. అక్కడ నాకు అబ్బిందల్లా బైఠకులు. గుంజీల్లాంటివే గాని చెవులు పట్టుకోనక్కర్లేదు, పూర్తిగా కూర్చోవాలి, పూర్తిగా లేవాలి. అయితే ఆ తాలీంలో ఒక కట్టుబాటు ఉండేది. ఎవరి బైఠకులు వాళ్ళు లెక్కపెట్టుకోకూడదు, లెక్క ఉస్తాద్‌ది. బర్రెలకు కుడితి కలుపుతూ, మన వైపు చూడనట్టే ఉండి, "ఏక్" అనేవాడు. నడుము వంగిందా, సగం కూర్చుని లేచామా, రెండోదానికి కూడా "ఏక్" అనేవాడు. అదీ వంకరగా వేస్తే మళ్ళీ "ఏక్". సరైనది పడేదాకా "దో" రాదు గాక రాదు. నేను ముప్ఫైసార్లు లేచి కూర్చుంటే ఆయన లెక్కలో తొమ్మిదో పదో వచ్చేవి. "గదేంది ఉస్తాద్, మస్తు ఏసిన గదా!" అని నేను గునిసేవాణ్ణి. (ఇంట్లో కోస్తా, గల్లీలో గౌలీపురా, నా నాలుక అప్పటికే రెండు ఇళ్ళ కాపురం చేస్తోంది.) "నువ్వు ఏసినవ్ బిడ్డా, అవి పడలే" అనేవాడు ఉస్తాద్, కుడితి కలుపుతూనే.

ఇక మూసీ అవతలి సంగతి. నది దాటి బాగా అటు వెళితే అద్దాల ఆఫీసులు, చల్లటి గదులు, మనిషికో కంప్యూటరు, తెగని నెట్. అలాంటి ఒక కంపెనీలో పెద్ద హోదాలో ఉన్న ఒకావిడ నగరంలో వెబ్ పని చేసేవాళ్ళందరినీ నెలకోసారి ఒకచోట కలిపేది. అందరం ఆవిణ్ణి మేడమ్ అనేవాళ్ళం. చాయ్ తాగడం, విజిటింగ్ కార్డులు మార్చుకోవడం, ఎవరి దగ్గర ఏం పని ఉందో కనుక్కోవడం. దీన్ని నెట్‌వర్కింగ్ అంటారని నేను అక్కడే నేర్చుకున్నాను. (ఇంట్లో చెబితే నాన్న "అంటే కేబుల్ పనా?" అన్నారు.) ఒక నెల మేడమ్ కొత్త ప్రతిపాదన తెచ్చింది. "మనందరికీ పొట్టలొస్తున్నాయి, నడుములు పోతున్నాయి. ఒక వారం ఆటలు పెట్టుకుందాం" అంది. రోజూ పొద్దున ఎవరిళ్ళల్లో వాళ్ళు బైఠకులు వేసి, ఎన్ని వేశారో ఒక వెబ్ పేజీలో రాయాలి. సాయంత్రాలు క్యారమ్స్, శనివారం టెన్నిస్ బంతితో క్రికెట్, ఆదివారం మలక్‌పేటలో ఒక స్కూలు మైదానంలో ముగింపు. ఇరవై ఆరుమందిమి పేర్లిచ్చాం. అప్పుడు ఆవిడ ఇంకో మాట చెప్పింది. "మా టీములో రెండు ఉద్యోగాలున్నాయి. ఇంటర్వ్యూలేం పెట్టను. ఈ వారంలో మీ పనీ, మీ పద్ధతీ చూసి ఇద్దర్ని నేనే పిలుస్తాను."

నా గుండె ఆ ఎర్రమట్టి గోదాలో పడ్డంత శబ్దం చేసింది. ఆ రెండింట్లో ఒకటి నాది కావాలి. భాయ్ బంగారం లాంటి మనిషే, కాదనను. కానీ ఆ కుంపట్ల మీద మరో రెండేళ్ళు కాగితే నేను కూడా గాజు రూపంలోకి తిరిగిపోతానని నా భయం. "సరే, ఆ పేజీ ఎవరు చేస్తారు?" అని మేడమ్ అడగడం పూర్తికాకముందే నా చెయ్యి నన్నడక్కుండా లేచింది.

మూడు రోజుల్లో పేజీ చేసిచ్చాను. పేరు, ఇవాళ ఎన్ని, కింద ఒక బటన్. ఎవరు ఏ స్థానంలో ఉన్నారో చూపించే పట్టిక వేరే పేజీలో పెట్టి, దాని నెత్తిన బరువులెత్తే మనిషి బొమ్మ ఒకటి కదిలేలా పెట్టాను. (నా కళాపోషణ.) నది అవతల ఆ బొమ్మ టక్కున వచ్చేది. లాడ్ బజార్‌లో మాత్రం ఆ మనిషి తల రావడానికే ఒక చాయ్ పట్టేది, చేతులు వచ్చేలోగా కింద చాచా రిసీవరెత్తేవాడు. అందుచేత నేను చేసిన పట్టికను నేనే చూడటం మానేశాను. సోమవారం ఉస్తాద్ లెక్కలో నాకు పడ్డవి తొమ్మిది. ఆఫీసుకొచ్చి తొమ్మిది అని కొట్టి బటన్ నొక్కాను. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కాను. గడియారం బొమ్మ తిరుగుతోంది గాని పేజీ కదలదు. ఎనిమిదోసారికి "మీ వివరాలు చేరాయి, ధన్యవాదాలు" అని వచ్చింది. (ఆ ధన్యవాదాలు నేను రాసినవే అయినా చదువుకుంటే సంతోషమేసింది.) మంగళవారం పన్నెండు పడ్డాయి, పదకొండుసార్లు నొక్కితే గాని ధన్యవాదాలు రాలేదు. బుధవారం పెళ్ళిళ్ళ గిరాకీ, కింద ఫోను ఊపిరి తీసుకోవడం లేదు. ఆరోజు పడ్డవి పదకొండు, నొక్కింది పదిహేనుసార్లు. "మెల్లగ నొక్కు మియా, మౌస్ ఏం పాపం చేసింది?" అన్నాడు భాయ్. మూడు రోజులకు కలిపి నావి ముప్ఫై రెండు. మిగతావాళ్ళు రోజుకు నలభైలూ యాభైలూ వేస్తున్నారని సాయంత్రం క్యారమ్స్ దగ్గర వింటూనే ఉన్నాను. కొందరు నా వైపు అదోలా చూసేవాళ్ళు, పాపం జాలి పడుతున్నారనుకున్నాను. అయినా ఉద్యోగం పేజీని చూసి ఇస్తారు గాని తొడలు చూసి ఇవ్వరు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

గురువారం మధ్యాహ్నం మేడమ్ ఫోను చేసింది. (ముందు చాచా ఎత్తి, గాజుల సైజు అడిగి, అప్పుడు పైకి పిలిచాడు.) "ఏమయ్యా, పేజీ చాలా బాగుంది, ఎక్కడా ఒక్క తప్పు లేదు. పైగా ఫస్టులో ఉన్నది కూడా నువ్వే! మూడు వందల అరవై తొమ్మిది! నీ తర్వాతివాడు నూట అరవై ఐదు దగ్గరే ఆగాడు. చూడ్డానికి అలా ఉంటావు గాని అసాధ్యుడివే! నేను పిలిచే ఇద్దరిలో ఒకడివి నువ్వేనని దాదాపు అనేసుకున్నాను. ఆదివారం అందరి ముందూ ఒక వంద బైఠకులు వేసి చూపించు, సరదాగా" అంది. సరదాగానట! "అబ్బే, అదేం లేదు మేడమ్" అని నసిగాను. ఆవిడ దాన్ని వినయం అనుకుంది.

ఫోను పెట్టేసి, పేజీ వెనక వివరాలు చేరే చోటు తెరిచి చూశాను. సోమవారం కింద నా పేరు వరసగా ఎనిమిదిసార్లు. మంగళవారం పదకొండు. బుధవారం పదిహేనుసార్లు నా పేరు చూసేసరికి కళ్ళు తిరిగాయి. పైకి ఏమీ జరగనట్టు కనిపించినా నేను నొక్కిన ప్రతి నొక్కూ అటు వెళ్ళింది, వెళ్ళిన ప్రతిదాన్నీ నా పేజీ కొత్త బైఠకులుగా రాసుకుని కూడిపారేసింది. అవతలివాళ్ళ నెట్ చురుకు, ఒక్క నొక్కుతో అయిపోయేది కనక వాళ్ళ అంకెలు సరిగ్గానే ఉన్నాయి. ఇరవై ఆరుమందిలో ఆ గోతిలో పడ్డది ఒక్కడే, తవ్వినవాడు. ఒప్పుకుంటే, ఒక్క తప్పు లేదన్న పేజీ ఉత్త డొక్కుదని నా నోటితో చెప్పుకోవాలి, ఉద్యోగం హుళక్కి. ఒప్పుకోకపోతే ఆదివారం వంద. పోనీ గుట్టుగా దిద్దేద్దామా అంటే, మూడు వందల అరవై తొమ్మిది తెల్లారేసరికి ముప్ఫై రెండయితే కళ్ళున్నవాడెవడైనా అడుగుతాడు.

భాయ్‌తో చెప్పుకున్నాను. కడుపు పట్టుకుని నవ్వి, నవ్వి, కళ్ళు తుడుచుకుని, "అరె, కాయ్‌కూ పరేషాన్ అయితవ్? సప్పుడు జేయకు. ఐతారం పొద్దుగాల జరమొచ్చిందని ఫోన్ కొట్టు, కహానీ ఖతమ్" అన్నాడు. (నేను వెళ్ళిపోతే ఆయనకే నష్టం, అయినా నా ఉద్యోగం కోసం ఆయనే అబద్ధం వెతికిపెడుతున్నాడు. అందుకే బంగారం లాంటి మనిషన్నాను.) సలహా నచ్చింది. మనసు కుదుటపడి ఇంటికెళ్ళి, మాటల్లో మాటగా ఫస్టు సంగతి అమ్మ దగ్గర నోరు జారాను. నా బుద్ధి గడ్డి తిన్నదంటే అదే. మర్నాడు పాలు పోయించుకుంటూ అమ్మ వీధంతా వినపడేట్టు చెప్పింది. "మావాడు ఆ బైఠకుల్లో అందరికన్నా ఫస్టుటయ్యా! నీ చలవే ఉస్తాదూ!" ఉస్తాద్ పాల కొలత గాల్లో ఆపి నా వైపు చూశాడు. నేను చెప్పుల వైపు చూశాను. "ఎన్ని ఏసినవట బిడ్డా?" అన్నాడు మెల్లగా. "మూడొందల అరవై... కంప్యూటర్ లెక్క జర వేరే ఉంటది ఉస్తాద్" అన్నాను. "అట్లనా!" అని కొలత వంచాడు. "మంచిగున్నది. ఐతారం నేను గూడ వస్త. కంప్యూటర్ గెట్ల లెక్కపెడ్తదో జర చూస్త." జ్వరం దారి అలా మూసుకుపోయింది. ఎంత జ్వరమొచ్చినా ఉస్తాద్ నన్ను క్యాన్లతో పాటు బండికి కట్టుకుని తీసుకెళ్ళగలడు.

మిగిలింది ఒకటే దారి, రెండు రోజుల్లో వంద వేసేవాణ్ణి అయిపోవడం. శుక్రవారం తాలీంలో ఒళ్ళు తెలియకుండా వేశాను, సాయంత్రం వాకిట్లో వేశాను, ఆఫీసులో భాయ్ చాయ్‌కి వెళ్ళినప్పుడల్లా వేశాను. శనివారం పొద్దున మంచం మీంచి లేవబోతే కాళ్ళు నావి కావు. లాడ్ బజార్ మెట్లు వెనక్కి తిరిగి దిగాల్సొచ్చింది. బస్సెక్కడానికి కండక్టరు, ఇంకొకాయన కలిసి చెయ్యేశారు. (మరుగుదొడ్డి సంగతి రాయను, అప్పట్లో మా ఇంట్లో నేల మీద కూర్చునేదే ఉండేది. అంతకన్నా ఏం చెప్పను.) ఆ సాయంత్రం క్రికెట్‌లో నా కాళ్ళ మధ్యనుంచి మూడు బంతులు బౌండరీకి వెళ్ళాయి, నేను వంగలేదు. విచిత్రమేమిటంటే ఎవరూ తిట్టలేదు. "నాలుగొందల దాకా వేసినవాడి కాళ్ళు అలాగే ఉంటాయిరా" అన్నాడొకడు భక్తిగా. అంతకు ముందు నెలలో నేను వెంటపడి కార్డులిస్తే జేబులో పెట్టుకుని మర్చిపోయినవాళ్ళు ఆరోజు వాళ్ళే వచ్చి నా చేతిలో కార్డులు పెట్టారు. ఏం తింటారన్నాడొకడు, పొద్దున ఎన్నింటికి లేస్తారన్నాడు ఇంకొకడు. "పాలు" అన్నాను గంభీరంగా. జన్మలో అంత నెట్‌వర్కింగ్ నేనెప్పుడూ చేయలేదు. నిజం చెప్పొద్దూ, కాస్త బాగానే ఉంది.

ఆదివారం పొద్దున ఉస్తాద్ క్యాన్లు దించేసిన బండి మీద, తెల్ల లాల్చీ తొడుక్కుని, నెత్తికి రుమాలు చుట్టుకుని బయల్దేరాడు. వెనక నేను. మైదానంలో చాయ్, సమోసాలు, చేతుల్లో కార్డులు, నవ్వులు. మేడమ్ ఎదురొచ్చి, "ఇతని గురువుగారు మీరేనా? అయితే లెక్క మీరే పెట్టాలి!" అంది. నా ఆఖరి ఆశ కూడా పోయింది. అందరూ గుండ్రంగా నిలబడ్డారు. నేను మధ్యలో నిలబడి, మనసులో ఆంజనేయస్వామికి దండం పెట్టుకుని, కూర్చుని లేచాను. "ఏక్" అన్నాడు ఉస్తాద్. చుట్టూ ఉన్నవాళ్ళు "ఒకటి!" అని అరిచారు. ఇంకోటి వేశాను. వాళ్ళు "రెండు!" అన్నారు. ఉస్తాద్ "ఏక్" అన్నాడు. జనం తికమకపడ్డారు. "పెద్దాయన మర్చిపోయారు" అన్నారెవరో. మూడోదానికి కూడా "ఏక్" అనేసరికి మేడమ్ దగ్గరికొచ్చి "అయ్యా, మూడు వేశాడు కదా?" అంది. "లేచి కూసున్నడమ్మా, మూడుసార్లు. నడుము వంగింది, అవి పడలే. మంచిది ఒక్కటే పడ్డది" అన్నాడు ఉస్తాద్ శాంతంగా. అందరూ గొల్లుమన్నారు. ఆ తర్వాత వాళ్ళు నా వైపు చూడటం మానేసి ఉస్తాద్ నోటి వైపు చూడటం మొదలుపెట్టారు. "దో" అంటే చప్పట్లు. "దో" అని మళ్ళీ అంటే "అయ్యో!" అని నిట్టూర్పులు. "తీన్" కోసం పాతికమంది ఊపిరి బిగబట్టి ఎదురుచూశారు. నేను ఇరవై ఐదుసార్లు లేచి కూర్చునేసరికి లెక్క "పాంచ్" దగ్గరుంది. పాంచ్. పాంచ్. పాంచ్. చెమట కళ్ళల్లో పడుతోంది, మోకాళ్ళు ఒకదాన్నొకటి పలకరించుకుంటున్నాయి.

సరిగ్గా అప్పుడు, సగం కూర్చుని ఉండగా, నాకు తట్టింది. ఈయన చేస్తున్నదేమిటి? కొత్తది పడితే తప్ప అంకె జరపడం లేదు. నేను ఎన్నిసార్లు లేచినా అది ఆ పాత ఐదోదే గాని ఆరోది కాదంటున్నాడు. నా పేజీ చేయాల్సిందీ, చేయనిదీ అదే! నేను ఎన్నిసార్లు నొక్కినా, వచ్చింది కొత్తదా, ఇందాకటిదేనా అని ఒక్కసారి చూసుకుంటే సరిపోయేది. మూడు రోజులుగా వంద ఎలా వేయాలా అని చచ్చాను గాని, పేజీ ఎలా బాగుచేయాలా అని ఒక్క నిమిషం ఆలోచించలేదు. ఆ సిగ్గు ముందు మిగతా సిగ్గంతా చిన్నదైపోయింది. అలాగే కింద చతికిలబడి, "మేడమ్, నా పేజీ తప్పు. నావి నాలుగొందలు కాదు, వారమంతా కలిపి అరవై మూడే" అన్నాను. ఎన్నిసార్లు నొక్కానో, ఎలా కూడుకుందో అన్నీ చెప్పేశాను. "ఎప్పుడు తెలిసింది నీకు?" అంది మేడమ్. "గురువారం." "ఇవాళ ఆదివారం" అంది ఆవిడ. అంతే. నాలుగు తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత "బాగుచేయడం తెలుసా?" అని అడిగింది. "ఇప్పుడే తెలిసింది మేడమ్" అన్నాను. ఎవరో కిసుక్కున నవ్వారు. నేను ఉస్తాద్ వైపు చూపించి, ప్రతి ఫారానికీ ఒక చీటీ నంబరు ఇస్తానని, అదే నంబరు మళ్ళీ వస్తే పేజీ ఈయనలాగే అంకె జరపకుండా ఊరుకుంటుందని చెప్పాను. ఉస్తాద్‌కు ఎక్కడో అనుమానం వచ్చింది. "అమ్మా, నేను గీ పోరనికి బైఠకులు నేర్పిన గంతే, కంప్యూటర్ నేర్పలే" అన్నాడు కంగారుగా. మేడమ్ నవ్వు ఆపుకుంటూ, "రేపటికల్లా పేజీ బాగుచేసి, అసలు లెక్కతో పట్టిక పెట్టు. ఏం జరిగిందో, ఎన్ని రోజులు దాచావో నీ పేరుతో అందరికీ ఉత్తరం రాయి. ఉద్యోగం మాట ఇప్పుడేం చెప్పలేను" అంది. తిరుగు దారిలో బండి మలక్‌పేట దాటాక ఉస్తాద్ తల కాస్త వెనక్కి తిప్పాడు. "ఇయ్యాల ఐదు పడ్డయ్ బిడ్డా. కాళ్ళు గంత నొప్పుల మీదున్నయ్, అయినా ఐదుకైదు సక్కగ పడ్డయ్" అన్నాడు. నేను ఆయన వీపు వెనక ముఖం దాచుకుని ఏడ్చాను. గాలికి కళ్ళలో దుమ్ము పడిందనుకున్నాడేమో, బండి మెల్లగా నడిపాడు.

సోమవారం ఉత్తరం వెళ్ళింది. సరిచేసిన పట్టికలో అరవై మూడుతో నేను ఇరవై ఆరోవాణ్ణి. కదిలే బొమ్మ కూడా తీసేశాను. ఆ తర్వాత జరిగింది మాత్రం నేను కలలో కూడా ఊహించలేదు. సాయంత్రానికి ఒకడు జవాబు రాశాడు. తాను మోకాళ్ళ దాకానే వంగి లేచానని, ఉస్తాద్‌ని చూశాక అనుమానంగా ఉందని, తన లెక్క మొత్తం కొట్టేయమని. మంగళవారం ఇంకో ముగ్గురు. వాళ్ళలో ఒకాయన రోజంతా ఆఫీసులో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచాడో అవి కూడా కలిపేశాడట, "లేచి కూర్చోవడమేగా" అనుకుని. రెండో స్థానంలో ఉన్నవాడు, అంటే నా తర్వాత అసలైన ఫస్టు, "నేను వేశాను గాని ఎవరూ లెక్కపెట్టలేదు, కాబట్టి ప్రమాణం చేయలేను" అని రాసి తప్పుకున్నాడు. ఉత్తరం వచ్చినప్పుడల్లా పట్టిక దిద్దుతూ పోయాను. శుక్రవారానికి నేను ఒక్క బైఠకు కూడా వేయకుండా పదహారో స్థానానికి ఎగబాకాను.

ఆ శుక్రవారమే మేడమ్ ఫోను. "డెవలపర్లుగా వేరే ఇద్దర్ని తీసుకున్నాను" అంది. నేను సరేనన్నాను. అంతకన్నా ఏమనగలను? "ఆగు, పూర్తిగా విను. ఆ ఉత్తరంతో పాతికమందిలో పదిమంది లెక్కలు సరిచేయించావు. మా దగ్గర చేసినవి సరిగ్గా ఉన్నాయో లేవో చూసేవాళ్ళు లేక చస్తున్నాం. ఆ పనికి వస్తావా? ఒక్క షరతు. తప్పు గురువారం కనబడితే గురువారమే చెప్పాలి." నేను ఎగిరి గంతేయబోయాను గాని కాళ్ళు ఇంకా ఒప్పుకోలేదు. భాయ్ కిందికి పరిగెత్తి చాచాని కౌగలించుకుని, బజారంతటికీ మిఠాయి పంచాడు. పోయేది తన మనిషేనన్న సంగతి సాయంత్రానికి గుర్తొచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

కొత్త ఉద్యోగానికి కంపెనీ బస్సు పొద్దున ఆరింటికే మలక్‌పేటలో ఎక్కాలి. అంటే సరిగ్గా తాలీం వేళకు. ఆ మాట చెప్పడానికి వెళితే ఉస్తాద్ పాలు పితుకుతున్నాడు. "నౌకరీ దొరికింది ఉస్తాద్" అన్నాను. "మంచిగైంది బిడ్డా. ఏం పని?" "వేరేవాళ్ళు చేసింది సక్కగున్నదా లేదా చూసుడు. లేకుంటే కాలేదని చెప్పుడు." ఆయన చెయ్యి ఆగిపోయింది. నా వైపు తిరిగి ఫక్కున నవ్వాడు. "దానికి గూడ జీతమిస్తరా? ఇరవై ఏండ్ల సంది నేను ముఫ్తుగ చేస్తున్న గదరా!" నవ్వి నవ్వి బర్రె కూడా బెదిరింది. తర్వాత ఒక చెంబుడు నురగ పాలు నా చేతిలో పెట్టి, "రోజు రాకున్నా ఐతారం ఐతారం రా. ఇడిసిపెట్టకు" అన్నాడు. "తప్పకుండ వస్త ఉస్తాద్" అన్నాను.

నాలుగు ఆదివారాలు వెళ్ళాను. ఐదో ఆదివారం ఆఫీసు పనో, వాన పడిందో, ఇంకాస్త పడుకుందామనిపించిందో, ఇప్పుడు గుర్తు లేదు. ఆ తర్వాత ఇల్లు కూడా నది అవతలికి మారింది. కొట్టం దగ్గర నిలబడి పాలన్నీ గటగటా తాగేసి, మూతి తుడుచుకుని మాటిచ్చిన ఆ బక్క కుర్రాణ్ణి తలుచుకుంటే నాకు కోపం రాదు, నవ్వే వస్తుంది, కాస్త దిగులు కూడా. పేజీ విషయంలో వాడు మూడు రోజులు దాచాడు, నిజమే. కానీ ఆ పొద్దున ఉస్తాద్‌తో మాత్రం అబద్ధమాడలేదు, పాపం. నిజంగానే వస్తాననుకున్నాడు.